ట్యాంకులాయన, ట్యాంకులమ్మ

ట్యాంకులాయనకు ఒళ్ళొచ్చిందని ముందుగా కనిపెట్టింది ఒక డాబా మీది నీళ్ళ ట్యాంకు. అంతకుముందు చొక్కా గుండీలు చెప్పి చూశాయి, మెట్ల మీద ఆయాసం చెప్పి చూసింది, ఆయన చెవిన పెట్టలేదు. ఏటేటా దిగే ట్యాంకే కదా అని ఆ పొద్దున మూత పక్కకు నెట్టి, కాళ్ళు లోపలికి వేలాడేసి, ఎప్పటిలాగే జారబోయాడు. పొట్ట దగ్గరికొచ్చేసరికి ట్యాంకు ససేమిరా అంది. ఊపిరి బిగబట్టాడు, ఓరగా తిరిగాడు, చివరికి చొక్కా కూడా విప్పాడు. ఆ ఇంటి యజమానురాలు పక్కనే నిలబడి చూస్తోంది.

"ఏమైందండీ?" అంది.

"ఏం లేదమ్మా. అడుగున ఇంకా కాసిని నీళ్ళున్నాయి, పోనివ్వాలి" అని బొంకి, ఎర్రబడ్డ పొట్ట నిమురుకుంటూ బయటికొచ్చాడు.

బకెట్లు పైకి లాగడానికి ఆ రోజు భార్య కూడా వెంట వచ్చింది. ఆమె ఆయన మొహం చూసింది, ట్యాంకు నోరు చూసింది, చేతులు పైకెత్తి మాటా పలుకూ లేకుండా లోపలికి జారిపోయింది. "బ్రష్షు ఇలా ఇవ్వండి" అని లోపల్నించి చెయ్యి చాపింది. ఆయన ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు అది ఒక్క రోజు సంగతే అనుకున్నాడు పాపం. ఈ 'పాపం' ఎవరికి చెందుతుందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

అసలు ఈ ట్యాంకుల పనిలో పేరు ఆయనది, వ్యాపారం ఆవిడది. ఈ మాట ఆయన ఎదుట అంటే మూతి ముడుచుకుంటాడు గానీ కాదనడు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఒక కుళాయి మేస్త్రీ దగ్గర పని చేసేవాడు. పైపులు బిగించడానికి డాబాలెక్కి, మూతలు తీసి, లోపల ఉన్నవి చూసి ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చోలేకపోయేవాడు. పావురాల ఈకలు, బల్లులు, చెయ్యి పెడితే జారిపోయే పాకుడు, అడుగున బెత్తెడు బురద. కింద వంటింట్లో జనం ఆ నీళ్ళే చక్కగా వడగట్టుకొని తాగుతున్నారు. "ఎవరో ఒకరు కడగాలి కదే" అని రోజూ అనేవాడు. "ఆ ఎవరో ఒకరు మనమే ఎందుక్కాకూడదు?" అని ఒకరోజు ఆమె అడిగింది. అంతే. ఒక బకెట్టు, ఒక తాడు, రెండు బ్రష్షులు, ఆమె ఫోను. వ్యాపారం మొదలైంది.

ఆయన కడగడంలో సిద్ధహస్తుడు, మాట్లాడటంలో నోట్లో నాలుక లేనివాడు. పోనీ ఊరుకుంటాడా అంటే, నోరు తెరిస్తే ఏదో ఒకటి పాడుచేస్తాడు. "మాకు ముందు కడిగినవాడెవడండీ, గాడిద!" అన్నాడు ఒకసారి. ముందు కడిగింది ఆ ఇంటాయన బావమరిది. అప్పట్నుంచి ఇంటివాళ్ళతో మాట్లాడటం ఆవిడ వంతు. ఆమెకీ విద్య ఎవరూ నేర్పలేదు. ఎదుటివాడి మాట చివరిదాకా వింటుంది, ఆ తర్వాత తన మాట చెబుతుంది, అంతకన్నా రహస్యమేమీ లేదు. ట్యాంకు చూడకుండా ధర చెప్పదు. ఇంత అని చెప్పాక తగ్గించదు, పని ఎక్కువైందని పెంచదు. ఆలస్యమయ్యేటట్టుంటే వాళ్ళు తిట్టకముందే తనే ఫోను చేస్తుంది. మురికి తియ్యకముందు ఇంటివాళ్ళని డాబా మీదికి పిలిపించి లోపల చూపిస్తుంది, కడిగాక మళ్ళీ పిలిపించి చూపిస్తుంది. "చూడకపోతే, మనం నీళ్ళు పోసి నీళ్ళు పారబోశామనుకుంటారండీ" అనేది. ఎవరైనా పని బాగుందంటే, సిగ్గుపడకుండా, "పక్కింటివాళ్ళకి కూడా ఓ మాట చెప్పండి" అని అడిగేది. ఆయనైతే అలా అడగడానికి చచ్చిపోయేవాడు.

అన్నిటికన్నా పెద్ద సంగతి, ఏ ఇంటి ట్యాంకు ఎప్పుడు కడిగారో ఆమెకు గుర్తుండేది. "బాగున్నారా పిన్నిగారూ? మీ మనవడికి జ్వరం తగ్గిందా? ట్యాంకు కడిగి చాన్నాళ్ళయింది, ఈ వారం రమ్మంటారా?" అని తనే ఫోను చేసేది. మనవడి జ్వరం గుర్తు పెట్టుకున్న మనిషికి ట్యాంకు వద్దని ఎవరు చెప్తారు? వాళ్ళ పని పెరిగిందంటే ఇలాగే పెరిగింది. కరపత్రాలు పంచలేదు, గోడల మీద రాయించలేదు.

అయితే ఫోనుకు ఒక దుర్గుణం ఉంది. మనం చేసిన దానికి పదింతలు అది మనకు చేస్తుంది. కుళాయి కారినా ఆమెకే, మోటారు మూలిగినా ఆమెకే, నీళ్ళు రాకపోతే ఆమెకే, నీళ్ళు వస్తే రంగెందుకు మారిందని ఆమెకే. ఒక ముసలావిడకైతే కొడుకు పలకరించే పొద్దు ఉండేది కాదు, కోడలు దెప్పని పొద్దూ ఉండేది కాదు, ఆ కథంతా ఆమెకే. ఆమె ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకొని కూర తరిగేది, బట్టలు ఆరేసేది. స్నానాల గదిలోకి కూడా ప్లాస్టిక్ కవర్లో చుట్టి తీసుకెళ్ళేది. ఆయన దృష్టిలో అది పని కాదు. ట్యాంకు కడగడం పని. ఫోనులో మాట్లాడటమంటే కూర్చొని కబుర్లు చెప్పుకోవడం.

మధ్యలో ఒకసారి మనిషిని పెట్టుకున్నారు. పరాయివాడు కూడా కాదు, ఆయన సొంత అక్క కొడుకు, పెళ్ళయినవాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. బుద్ధిమంతుడు, కాస్త పరధ్యానం. ఒక ఇంట్లో ట్యాంకు అద్దంలా కడిగి, తుడిచిన గుడ్డ లోపలే వదిలేసి వచ్చాడు. నీళ్ళు నిండాక ఆ గుడ్డ పోయి పైపు నోట్లో కూర్చుంది. ఇంటినిండా చుట్టాలున్న రోజున కుళాయి తిప్పితే గాలి తప్ప నీళ్ళు రాలేదు. పైపు కోసి గుడ్డ తీసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ట్యాంకులాయనకు అరికాలి మంట నెత్తికెక్కి, నడివీధిలో మేనల్లుణ్ణి నానా మాటలూ అన్నాడు. వాడు తలొంచుకొని వెళ్ళిపోయాడు. అక్క తమ్ముడితో మాటలు మానేసింది.

"ఇక ఇంకొకళ్ళ చేతికి మన పేరు అప్పగించేది లేదు" అని ఆయన ఆ రోజే తేల్చేశాడు.

"గుడ్డలు లెక్కపెట్టి లోపలికిచ్చి, లెక్కపెట్టి బయటికి తీసుకుంటే సరిపోయేది కదండీ. మనిషిని తీసెయ్యడం దేనికి?" అని ఆమె అంది. ఆయన వినలేదు. ఆ తర్వాత ఆమె మట్టుకు గుడ్డలు లెక్కపెట్టుకోవడం మొదలెట్టింది.

ఇదీ వెనకటి సంగతి. ఆయనకు పొట్ట అడ్డమొచ్చి ఆమె ట్యాంకులో దిగడం మొదలుపెట్టాక, న్యాయంగా అయితే ఫోను ఆయనకు రావాలి. వచ్చింది కూడా. చొక్కా జేబులో పెట్టుకొని డాబా మీద నిలబడేవాడు. ఒకే పొద్దుకు ముగ్గురికి వస్తానన్నాడు. ఒకాయన గీచి గీచి బేరమాడితే సగానికి ఒప్పేసుకున్నాడు. మోటారు గురించి అడిగినావిడతో వాదన పెట్టుకొని, ఆవిడ ఏడ్చేదాకా ఊరుకోలేదు. వారం తిరక్కుండానే ఆమె చేతులెత్తి దణ్ణం పెట్టి, "మీరేం మాట్లాడకండి. అమ్మగారు పనిలో ఉన్నారు, మళ్ళీ చేస్తారండీ అని చెప్పండి చాలు" అంది.

ఆయన ఆ ఒక్క ముక్కా బాగా నేర్చుకున్నాడు. పగలంతా అందరికీ అదే చెప్పేవాడు. సాయంత్రం ఆమె తడి బట్టలు మార్చుకొని, నడుముకు దిండు ఆనించుకొని, ఒక్కొక్కరికీ మళ్ళీ చేసేది. కడగడమూ ఆమే, మాట్లాడటమూ ఆమే. ఆమె చేతివేళ్ళు ఎప్పుడూ నానిపోయి ముడతలు పడి ఉండేవి. అన్నం ముందు కునికిపాట్లు పడేది. మనిషి చిక్కిపోయిందన్న సంగతి ఆయన చూడకపోలేదు. చూసి, మంచిదేలే, ఇరుకు ట్యాంకులు కూడా పడతాయి అనుకున్నాడు. నిజంగానే అలా అనుకున్నాడు. చెడ్డవాడు కాదు, కానీ పక్కనున్న మనిషి అలసట కనిపించాలంటే ఒక్కోసారి మంచితనం చాలదు.

సరిగ్గా అప్పుడే ఒక పెద్ద కాలనీ సెక్రటరీ గారి కన్ను వీళ్ళ మీద పడింది. వరసగా మేడలు, మేడ మేడకీ ట్యాంకులు, ఏడాది పొడుగునా పని. "ముందు ఒకటి కడిగి చూపించండి, నచ్చితే అన్నీ మీకే" అన్నాడు. ట్యాంకులాయన కాళ్ళు నేల మీద ఆనలేదు. "మా ఇద్దరం చాలండీ" అని అక్కడే చెప్పేశాడు. ఇన్నేళ్ళ కష్టానికి ఇప్పుడు కదా ఫలితం వచ్చింది అన్నాడు భార్యతో.

"మనుషుల్ని పెట్టుకుంటేనే" అంది ఆమె.

"మళ్ళీ మొదలెట్టావా? మనిద్దరం చాలమూ?"

"మనిద్దరమా?" అని ఆయన కేసి చూసింది. ఆ చూపుకు అర్థం ఆయనకు తెలియలేదు. "నేను చెయ్యలేనండీ. నావల్ల కావట్లేదు."

"కొంచెం ఓపిక పట్టు. ఈ ఒక్క కాలనీ పట్టామంటే మనకిక తిరుగులేదు" అన్నాడు. ఆమె మాట పెంచలేదు. అది ఒప్పుకోవడం అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కాలనీలో చివరి మేడ ఎక్కారు. లిఫ్టు పై అంతస్తుదాకానే వస్తుంది, అక్కణ్ణించి బకెట్లు మోసుకుంటూ ఇనుప మెట్లు. సెక్రటరీ గారు వచ్చి, లోపలి బురద చూసి ముక్కు మూసుకొని, "పనయ్యేసరికి ఫోను చేస్తా, చేస్తారో చెయ్యరో ఒక్క మాటలో తేల్చెయ్యండి, అవతల ఇంకో పార్టీ కాచుక్కూర్చుంది" అని కిందికి పోయాడు. పెద్ద సిమెంటు ట్యాంకు, రెండు వైపులా రెండు మూతలు. రెండూ తెరిచి, గాలి బాగా ఆడనిచ్చి, ఆమె దిగింది.

ట్యాంకులో మాట్లాడితే మాట గింగురుమంటుంది తప్ప అర్థం కాదు. అందుకని వాళ్ళకొక పద్ధతి ఉంది. బయట ఉన్నవాళ్ళు ఉండుండి ట్యాంకు అంచు మీద తట్టాలి, లోపల ఉన్నవాళ్ళు బ్రష్షు కర్రతో గోడ మీద తట్టి బదులివ్వాలి. బదులు వచ్చిందంటే మనిషి క్షేమం. ఈ పద్ధతి ఏ ఎండలోనూ ఏ తొందరలోనూ తప్పలేదు.

బకెట్ల కొద్దీ బురద పైకొచ్చింది. ఆయన లాగి పోశాడు. తర్వాత గోడలు రుద్దే చప్పుడు, తర్వాత నీళ్ళు కొట్టే చప్పుడు, ఆ తర్వాత గుడ్డలు అడిగింది, లెక్కపెట్టి ఇచ్చాడు. ఆయన తట్టాడు, ఆమె తట్టింది. ఎండ ముదిరింది. మళ్ళీ తట్టాడు.

బదులు రాలేదు.

వినిపించలేదేమోనని గట్టిగా తట్టాడు. "ఇదిగో!" అని మూతి లోపలికి పెట్టి అరిచాడు. ఆయన అరుపే ఆయనకు తిరిగొచ్చింది. వెలుగులోంచి చీకట్లోకి చూస్తే కళ్ళకు ఏమీ ఆనలేదు. ఇలాంటి ట్యాంకుల్లో గాలి చాలక మనుషులు ఎలా పోతారో ఆయనకు తెలుసు, మేనల్లుడికి ఆ కథలు చెప్పి భయపెట్టిందే ఆయన. కిందికి పరుగెత్తి ఎవరినైనా పిలవాలి. అన్ని మెట్లు దిగి, అన్ని మెట్లు ఎక్కి రావాలి. ఈలోగా? ఆయనకు ఇంకేమీ తోచలేదు. తను పట్టడని తెలుసు. తెలిసే కాళ్ళు లోపలికి వేసి, ఒంటి బరువంతా వదిలేశాడు.

పొట్ట దగ్గర బిగుసుకుపోయింది. చొక్కా పైకి నలిగి చంకల్లో చుట్టుకుంది, సిమెంటు అంచు ఒళ్ళు గీరేసింది. లోపలికీ పోడు, బయటికీ రాడు. కాళ్ళు లోపల గాల్లో తన్నుకుంటున్నాయి, తలా చేతులూ బయట ఎండలో ఉన్నాయి. ఆమె ఉన్న వైపు చూడటానికి కూడా లేదు. పేరు పెట్టి పిలిచాడు. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆ పేరుతో ఎప్పుడూ పిలవలేదు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోవాలని కూడా తట్టలేదు.

అప్పుడు ఆయన పాదాన్ని ఒక చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, దిగకండి. ఇప్పుడే అడుగంతా తుడిచాను" అంది ఆమె లోపల్నించి, మత్తుగా.

ఆయన పైప్రాణాలు పైనే పోయి, మళ్ళీ వచ్చాయి. "బతికే ఉన్నావా?" అన్నాడు. ఇంకేమనాలో తెలియక అన్నాడు.

"ఉన్నాను. కన్నంటుకుంది."

"తడితే పలకవేం? చచ్చిపోయాననుకో నేను!"

"వినపడలేదండీ. పనెప్పుడో అయిపోయింది. కాసేపు కూర్చొని పైకొద్దామనుకున్నా." తర్వాత నెమ్మదిగా, రెండో మూతలోంచి వస్తున్న వెలుతురులో కూర్చొని తనలో తను అనుకుంటున్నట్టు చెప్పింది. "అన్ని ట్యాంకుల్లోనూ కూర్చుంటున్నాను. మీకు చెప్పలేదు. ఇక్కడ ఫోను వినిపించదు. ఎవరూ ఏమీ అడగరు. చల్లగా ఉంటుంది. అడుగు తుడిచేసి, గోడకి ఆనుకుని కూర్చుంటే, పైకి రాబుద్ధి కాదు."

ఈ మధ్య ఆమె లోపల ఎక్కువసేపు ఉంటోందని ఆయనకు తెలుసు. తెలిసి ఏం చేశాడు? ఇంటివాళ్ళతో గొప్పగా చెప్పుకున్నాడు. మావిడ మూలమూలా గీకితే గానీ బయటికి రాదండీ అని ఛాతీ విరుచుకొని చెప్పాడు. ఆమె ఒక బురద కడిగిన గదిలో దాక్కొని విశ్రాంతి తీసుకుంటుంటే, ఆయన బయట నిలబడి దాన్ని పనితనం అని అమ్ముకున్నాడు. ఆ సంగతి తలచుకునేసరికి, సిమెంటు గీరిన చోట కన్నా లోపల ఎక్కువ మండింది.

అప్పుడే జేబులో ఫోను మోగింది. చొక్కా నలిగి జేబు గడ్డం కిందికి వచ్చి ఉంది. ఎలాగో తీశాడు. సెక్రటరీ గారు.

"అమ్మగారు పనిలో ఉన్నారు, మళ్ళీ చేస్తారని చెప్పండి" అంది ఆమె అలవాటుగా.

ఆయన ఆ ముక్క చెప్పలేదు.

"అయ్యా, మీరు అడిగిన సంగతి" అని మొదలుపెట్టి నీళ్ళు నమిలాడు. "ఇప్పుడున్న మనిషితో కాదండీ. ఇంకో ఇద్దర్ని పెట్టుకోవాలి, వాళ్ళకి పని నేర్పాలి, ఫోనుకొకళ్ళు ఉండాలి. అదంతా అయ్యాక చేస్తాం. ఆగితే ఆగండి. లేకపోతే ఆ అవతలి పార్టీకే ఇచ్చెయ్యండి."

"అదేంటయ్యా, నిన్న నువ్వే కదా ఇద్దరం చాలన్నావు?"

"నిన్న నాకు తెలీదండీ" అన్నాడు ట్యాంకులాయన.

అవతల సెక్రటరీ గారు ఏదో గొణిగి పెట్టేశాడు. ఆగుతానన్నాడో, పొమ్మన్నాడో సరిగా తెలియలేదు. పెద్ద పని చేతికొచ్చినట్టే వచ్చి జారిపోయింది కావచ్చు. వచ్చే నెలలో దీనికి బాధపడతాడేమో కూడా. ఇప్పుడు మాత్రం ఆయనకు ఆ బాధ లేదు.

"ఎవరిని పెడతారు?" అని అడిగింది ఆమె లోపల్నించి.

"మా అక్క ఇంటికి వెళ్తా. వాణ్ణి అడుగుతా. తిట్టినందుకు ముందు కాళ్ళు పట్టుకోవాలిలే. ఫోను సంగతి నువ్వే ఎవరినైనా చూడు. నేను పనికిరాను."

ఆమె నవ్వింది. ట్యాంకులో ఆ నవ్వు గుండ్రంగా తిరిగింది. నవ్వుతూ నవ్వుతూ ఎక్కడో అది ఏడుపైంది. ఆయన వేలాడుతూ విన్నాడు. ఏమీ చెయ్యడానికి లేదు. ఓదార్చడానికి చేతులు బయట ఉండిపోయాయి.

కాసేపటికి ఆమె సర్దుకుంది. రెండు అరికాళ్ళ కిందా చేతులు పెట్టింది. "నెట్టనా? ఊపిరి వదిలి పైకి లేవండి, వచ్చేస్తారు."

"నీ ఇష్టం. తొందరేం లేదు" అన్నాడు ఆయన.

ఆమె చేతులు తీసేసింది. ఈసారి గోడకి కాకుండా, ఆయన మోకాళ్ళ కింద తల ఆనించి కూర్చుంది. తడి జుట్టు ఆయన కాళ్ళకు చల్లగా తగిలింది. ఎండ నెత్తిన మాడుతోంది, నడుం పట్టేసింది, ఒళ్ళంతా హూనమైంది. చేతిలో ఫోను మళ్ళీ మోగడం మొదలైంది. ఎవరో కూడా చూడకుండా దాన్ని ఆపేసి, ఆమె లేచేదాకా కాళ్ళు కదపకుండా అలాగే ఉండిపోయాడు.